కుర్చీ కింద మనిషి

పెద్ద వరదకి వంతెన నడుము విరిగిన ఏడు కాదు, దాని మీదటి ఏడు జరిగింది ఇది. వరద ఏడు, కుర్చీలల్లే మా షెడ్డులోకి మోకాటిలోతు నీళ్ళొచ్చి పేము కట్టలన్నీ బురదలో తేలాయి. వాటిని ఒక్కొక్కటే కడిగి ఆరబెట్టింది మా ఆవిడ. మీదటి ఏడు వానలు మొదలవకముందే ఆవిడ పోయింది, వానలు వెలిశాక పన్నుల ఆఫీసునుంచి నాకు కాగితం వచ్చింది. నీ సంపాదన ఒక్క దారిన రావడంలేదు, మూడు దారుల్లో వస్తోంది, కనక పన్ను లెక్కలో నీ హోదా ఏమిటో తేల్చాలి, ఫలానా రోజున వచ్చి చెప్పు అని. నాకొక హోదా ఉందనీ, ఇన్నాళ్ళూ అది తేలకుండా ఉండిపోయిందనీ అప్పుడే తెలిసింది.

ఆ రోజు ఆఫీసు హాల్లో నా నంబరు పిలిచేదాకా కూర్చున్నాను. ఇనపకమ్మీకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, వరసలో ఒకడు లేస్తే చివరివాడిదాకా ఊగుతాయి. నడుముకి ఆనవు, గాలాడవు, తుడవడానికి మాత్రం బాగుంటాయి. ఆవిడ గాని ఉంటే కూర్చోగానే చెయ్యి కుర్చీ అడుక్కి పోనిచ్చేది. ఎక్కడికెళ్ళినా అంతే, పెళ్ళిళ్ళకెళ్ళినా, బడికెళ్ళినా, రైలు స్టేషన్లో అయినా. కుర్చీ అడుగు తడిమి చూసి, ఇది తెలిసినవాడు చేశాడనో, ఇది దొంగపని అనో నా చెవిలో చెప్పేది. జనం చూస్తారే అంటే, చూస్తే చూశారు, అడుగు చూడకుండా కూర్చునేవాళ్ళకి నేనేం చెప్పను అనేది. ఆఖరిరోజు హాస్పిటల్లో లోపలికి తీసుకెళ్ళకముందు కూడా, ఆయాసపడుతూనే, కుర్చీ అడుక్కి చెయ్యి పోనిచ్చింది. ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మంచిదో దొంగదో అని అడిగుంటే ఏదో ఒకటి అనేది, ఆ మాట ఇప్పుడు నా దగ్గర ఉండేది. నా చెయ్యి దానంతటదే ప్లాస్టిక్ కుర్చీ అడుక్కి వెళ్ళింది. ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ము తగిలింది. తీసి జేబురుమాలుకి తుడుచుకున్నాను.

"బావా, ఇంకోసారి చెప్తాను విను," అన్నాడు పక్కన కూర్చున్న మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు వాడు, గోడౌన్లో లెక్కలు రాస్తాడు, కాగితం ఏ భాషలో ఉన్నా కళ్ళద్దాలు పైకి తోసి చదివేస్తాడు. "లోపల ఆఫీసరమ్మ ఏమడిగినా నేనొక్కణ్ణే చేశానను. కుర్చీలు అల్లిందెవరు? నేను. ఎన్నాళ్ళనుంచి? ఇన్నేళ్ళనుంచీ. అంతే. అంతకుమించి ఒక్క ముక్క రాకూడదు. అయినా నీకు చెప్పేదేముంది, నువ్వు నోరు విప్పితేగా."

నేను నోరు విప్పలేదు. వాడికి అది బాగా వింటున్నట్టు అనిపించి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మూడు దారులు. ఒకటి, వారంలో రెండు రోజులు చెక్కసామాన్ల కొట్లో పాలిష్ పని, దానికి కొట్టువాడే పన్ను పట్టుకుని జీతమిస్తాడు, గొడవలేదు. రెండు, వీధివైపు గది దర్జీకి అద్దెకిచ్చాం, దానికీ గొడవలేదు. మూడు, కుర్చీలు. గొడవంతా కుర్చీలతోనే. అది నా ఒక్కడి పేరుమీద, ఒక్కడి పనిగా, ఎక్కడా తెగకుండా వస్తున్న వ్యాపారమైతే నేను పాతకాపు కింద లెక్క, స్వయం ఉపాధి మనిషిని, పన్ను తేలికగా పడుతుంది, పెద్దతనానికి నెలనెలా భత్యం కూడా వస్తుంది. అలాకాక ఇద్దరు చేసిన పని అయితే, ఇద్దర్లో ఒకరు పోయిన రోజుతో ఆ వ్యాపారం మూసినట్టే. మిగిలినవాడు ఆ తరవాత చేసేది కొత్తది. నిన్నో ఇవాళో కొట్టు తెరిచినవాడితో సమానం. వెనకటి ఏళ్ళేవీ లెక్కలోకి రావు, భత్యం మాట మర్చిపోవచ్చు.

"మరి మీ అక్క?" అన్నాను.

వాడు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "అక్కకి ఇప్పుడేం ఒరుగుతుంది బావా," అన్నాడు మెల్లగా. తరవాత, "ఉంటే అక్కయినా ఇదే చెప్పేది. నాకంటే లెక్క తెలిసిన మనిషి."

అది నిజం. ఉంటే ఆవిడ ఇదే చెప్పేది. మొదటిసారి పేరు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఈ ఆఫీసు అప్పుడు పాత మేడలో ఉండేది, మెట్లకింద సైకిళ్ళు పెట్టుకునేవాళ్ళం, గుమాస్తా నావైపు చూసి ఎంతమంది చేస్తారు అని అడిగాడు. నేను ఆలోచిస్తుంటే ఆవిడే అంది, ఒక్కరేనండీ, అన్నీ ఈయనే, అని. ఇద్దరి పేర్లయితే రుసుము రెండింతలు. అప్పుడు మా దగ్గర ఆ రెండో రుసుముకి డబ్బు లేదు. బయటికొచ్చాక నవ్వింది. ఈవేళనుంచి మీరే యజమాని, నన్ను పనిలోంచి తీసేస్తారేమో అంది. ఆ కాగితంలో ఆధారపడి బతికేవారు అని ఒక గడి ఉంటుంది. అందులో ఆవిడ తన పేరు తనే రాసుకుంది. నాకు చదువు మూడో తరగతితో సరి, కూడబలుక్కుని చదువుతాను, ఆ గడి మాత్రం కూడబలుక్కోకుండా చదవగలను. ప్రతి ఏడూ అందులో ఆ గుండ్రటి అక్షరాలే. ఆధారపడి బతికేవారు. అలా రాసేసి కాగితం మడిచి, లేవండి, తొట్టిలో పేము బద్దలు నానిపోతున్నాయి అనేది.

ఆధారపడింది ఎవరో నాకు తెలుసు. మా మామగారు పేము పనిలో చెయ్యి తిరిగిన మనిషి, ఆయన పని కూతురికొచ్చింది గాని కొడుక్కి రాలేదు, పక్కన కూర్చున్న ఈ కొడుక్కి పేము ముక్క తగిలితే దద్దుర్లొచ్చేవి. పెళ్ళినాటికి నాకు పాలిష్ పెట్టడం తప్ప ఏదీ రాదు. కొత్తలో ఆవిడ నా వేళ్ళు పట్టుకుని నిలువు బద్ద, అడ్డం బద్ద, ఐమూల బద్ద అని చెప్తుంటే నాకు చెవులు వెచ్చబడి ఏదీ ఎక్కేదికాదు. వేళ్ళు మొద్దు, చెవులు మొద్దు, నోరు మొద్దు, ఇంక మీలో ఏది పనిచేస్తుందండీ అని మా అత్తగారి ముందే అంది. అల్లకానికి కుర్చీ ఇచ్చేవాళ్ళు ధర నన్నడిగి ఆవిడ మొహం చూసేవారు. మా ఆయన మాటలన్నీ నా దగ్గర దాచుకున్నాడండీ, అవసరమైనప్పుడు నేనే తీసి ఖర్చుపెడుతుంటాను అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఎంత ధీమా ఆ నవ్వులో. పాలవాడితో, కరెంటువాడితో, డాక్టరుతో, దర్జీతో, అందరితోనూ నా తరఫున ఆవిడే మాట్లాడింది. ఆవిడ పోయిందని ఊళ్ళోవాళ్ళకి చెప్పింది కూడా నేను కాదు, ఈ బావమరిదే ఫోన్లు చేశాడు. పోయింది అనే మాట నేను ఇంతవరకు ఒక్కరితోనూ అనలేదు. దర్జీ, అమ్మగారు కనపడ్డంలేదేమండీ ఊరెళ్ళారా అంటే తలూపాను. ఆ తరవాత ఎవరో చెప్పారు కాబోలు, ఒకరోజు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడూ తలూపాను.

హాల్లో ఒక పిల్లతల్లి నంబరు పిలిచారు. వరసంతా ఊగింది. ఆమె కూర్చున్న చోట ఎండ పడి ప్లాస్టిక్ మీద ఒంటి చెమ్మ కనపడింది, చూస్తుండగానే ఆరిపోయింది. అల్లిన కుర్చీ అయితే మనిషి లేచాక కాసేపు కిర్రుమని సద్దుకుంటుంది, ఎవరో ఇంకా కూర్చునే ఉన్నట్టు. షెడ్డులో పని అయ్యాక కొత్త కుర్చీలో మొదట కూర్చునేది ఆవిడే. కళ్ళు మూసుకుని నడుం అటూ ఇటూ కదిపేది. ఊఁ అంటే అది వెళ్ళిపోవచ్చు, ఉహుఁ అంటే విప్పాల్సిందే. ఇప్పుడు షెడ్డులో విప్పాల్సినవి ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, నేను కూర్చుంటే కుర్చీ ఏమీ చెప్పదు. ఆవిడ పోయాక నాలుగో ఐదో చేశాను, తీసుకెళ్ళినవాళ్ళు బాగున్నాయనే అన్నారు.

ఒక్కడినే అంటే ఎవరికీ నష్టంలేదు. మా బావమరిది చెప్పినట్టు నోట్లోంచి ఒక్క ముక్క. ఆ ముక్క నాకు కష్టమైనదేం కాదు, అసలు నేనేమీ అనకపోయినా వాళ్ళే రాసేసుకుంటారు, ఇన్నేళ్ళూ నేను మాట్లాడకుండానే రాసుకున్నారు. కాని ఇన్నేళ్ళూ ఆ గడిలో పేరు రాసుకున్నది ఆవిడ. తన చేత్తో, తన ఇష్టంతో, నవ్వుతూ రాసుకుంది. ఈసారి రాయవలసింది నేను. ఆవిడ తనని తాను కొట్టేసుకోవడం వేరు. నేను కొట్టెయ్యడం వేరు. ఆ సంగతి బావమరిదికి చెబుదామని తిరిగాను. వాడు నోరు తెరుచుకుని కునుకు తీస్తున్నాడు. పడుకుంటే వాడికి అచ్చం వాళ్ళక్క మొహమే, గడ్డం మీద నొక్కుతో సహా. మళ్ళీ ఎదర గోడకేసి తిరిగిపోయాను.

నంబరు పిలిచారు. వాడే ముందు లేచాడు.

గదిలో ఉన్న అధికారిణికి జలుబు చేసినట్టుంది, బల్లమీద వేడినీళ్ళ గ్లాసు. "కూర్చోండి పెద్దాయనా. జీతం చూశాను, సరిపోయింది. అద్దె కూడా సరే. కుర్చీల పని మీరొక్కరే కదా?"

"ఆయనొక్కడేనండి," అన్నాడు బావమరిది.

"ఆయన్ని చెప్పనివ్వండి."

"ఆయన మాట్లాడడండి. పుట్టుకనుంచీ అంతే. మా అక్క పెళ్ళిచూపుల్లో మూగవాడేమోనని భయపడింది."

ఆమె నవ్వబోయి తుమ్మింది. రుమాలు మడిచి, కంప్యూటరు కేసి చూసి, "ఒక్కరే అని పెట్టేస్తాను. అయిపోతుంది, ఇంక మీరు రానక్కర్లేదు," అంది.

"ఇద్దరం," అన్నాను.

బావమరిది చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. "ఇందులో భార్య ఆధారపడినవారు అని ఉంది. సాయం చేసేవారా ఆవిడ? ఇంట్లోవాళ్ళు చేసే సాయం పనిలోకి రాదు. అలాగైనా మీరు ఒక్కరే అవుతారు."

"చూశావా, సాయం," అన్నాడు వాడు. "సాయమేనండి. సాయమను బావా."

"సాయం కాదమ్మా."

"మరి?"

బల్లమీద చిల్లులు పొడిచిన కాగితాల కట్ట ఉంది, దానికి గుచ్చే దారం ఉంది. అడక్కుండా తీసుకున్నాను. ఒక కాగితం ఎత్తి పట్టుకుని దారం కొసని చిల్లులోకి దూర్చాను. "కింద చెయ్యి పెట్టండమ్మా," అన్నాను. ఆమె ఏమనుకుందో, పెట్టింది. "లాగండి. బిగువు నాకు తెలియాలి. ఇప్పుడు పక్క చిల్లులోంచి పైకి పంపండి." పంపింది. నేను అందుకున్నాను. "ఇదీ. నేను పైన. ఆవిడ కింద, కుర్చీ కింద, చాపమీద. నేను పంపింది ఆవిడ లాగాలి, ఆవిడ పంపింది నేను లాగాలి. బిగువంతా కిందే ఉంటుందమ్మా. ముడులు కింద. పైన కనపడేది ఊరికే కనపడేది. నాకు ఈ పని నేర్పిందే ఆవిడ. కుర్చీ నాదని మీరు ఇన్నాళ్ళూ రాశారు. దాంట్లో నాది సగం. ఆ సగం కూడా ఆవిడ చెబితే వచ్చింది."

నా జన్మలో అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ అనలేదు. ఆమె చెయ్యి ఇంకా కాగితం కిందే ఉంది, దారం పట్టుకుని. బావమరిది నా మోకాలి మీది చెయ్యి తీసేశాడు.

"ఇద్దరిదని పెడితే ఏమవుతుందో తెలుసా మీకు?" అంది ఆమె.

"తెలుసు."

"మళ్ళీ మార్చడానికి ఉండదు. భత్యం రాదు."

"సరే."

"బావా," అన్నాడు వాడు.

ఆమె దారం వదిలి, రాసుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ పేరు అడిగితే చెప్పాను. పని అడిగితే పేము అల్లకం అన్నాను. ఆధారపడినవారి గడిలో ఉన్న పేరు చెరిపి, చేసేవారి గడిలో, నా పేరు పైన పెట్టింది. నేను చెప్పకుండానే పైన పెట్టింది. తరవాత రెండు తేదీలు కావాలంది.

"ఆవిడ..." అని ఆగింది.

"పోయింది," అన్నాను. తేదీ కూడా చెప్పాను.

"రెండోది, మీరు ఒక్కరే మొదటిసారి పనిచేసిన రోజు. కొత్త వ్యాపారం అక్కడినుంచి మొదలవుతుంది. చాలామంది కొన్ని నెలలు ఆగుతారు, సరిగ్గా గుర్తులేకపోతే నెల చెప్పినా చాలు."

"మర్నాడు."

"ఏ మర్నాడు?"

"ఆ మర్నాడే. పొద్దున్న."

ఆమె తలెత్తి నాకేసి చూసింది, వాడికేసి చూసింది. వాడు గోడమీద ఫ్యాను స్విచ్చి కేసి చూస్తున్నాడు. ఆ పొద్దున్న నన్ను షెడ్డులో చూసింది వాడే. మనిషి పోయి రోజైనా కాలేదు, నీకు కుర్చీ గుర్తొచ్చిందా బావా అని, నాకని తెచ్చిన కాఫీ కప్పు అక్కడే గట్టుమీద పెట్టి ఏడుస్తూ వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ చుట్టాలందరిలో నా పేరు అదే. పెళ్ళాం పోయిన మర్నాడు పనిలో కూర్చున్న మనిషి. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. అధికారిణి ఆ తేదీయే కంప్యూటర్లో కొట్టి, సంతకం పెట్టమని కాగితం జరిపింది. పెట్టాను.

ఆ పొద్దున్న ఇల్లంతా మనుషులు పడుకుని ఉన్నారు. ఆవిడని ఇంకా హాస్పిటల్నుంచి ఇంటికి ఇవ్వలేదు, డాక్టరు వచ్చి సంతకం చెయ్యాలి, ఎండెక్కాక రమ్మన్నారు. ఎక్కడ కూర్చోబోయినా ఎవరో లేచి చోటిస్తున్నారు. అది భరించలేక షెడ్డులోకి వెళ్ళాను. ముందురోజు ఆవిడ పనిచేస్తూ చేస్తూ, ఉండండి, కాస్త ఆయాసంగా ఉంది అని కిందనుంచి లేచొచ్చింది, చేతులు కడుక్కుంది, అంతే. కుర్చీ అలాగే ఉంది. ఐమూల ఒకవైపు అయింది, రెండోవైపు సగంలో ఉంది. బద్ద పైనుంచి చిల్లులోకి దిగి కింద వేలాడుతోంది. అలవాటుగా నా పీటమీద కూర్చుని దాన్ని పట్టుకుని మెల్లగా లాగాను. ఎప్పుడూ కింద ఒక పట్టు ఉండేది, ఎంత లాగితే అంత ఆపే చెయ్యి. ఏ పట్టూ లేకుండా బద్ద సర్రున పైకొచ్చేసింది. కొస నా ఒళ్ళో పడింది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. అప్పుడు లేచి, చాపమీద కూర్చుని, తల వంచి కుర్చీ కిందికి దూరాను. నేను ఆ కిందికి వెళ్ళడం అదే మొదలు. చిల్లుల్లోంచి వెలుతురు పడుతోంది, నా చేతులమీద చుక్కలు చుక్కలు. ఆవిడ వేసిన ముడులన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, బద్ద ఏదీ గుచ్చుకోకుండా కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆవిడ చూసింది ఇదన్నమాట. పైన కూర్చున్న నా మొహం ఇక్కడికి కనపడదు. మధ్యలో ఒకటి రెండు వేళ్ళు కనపడతాయేమో.

అలాంటప్పుడు పని తెలిసినవాళ్ళు చేసేదేమిటంటే, పాత బద్దని అక్కడ ముడివేసి కోసేసి, తొట్టిలో నానిన కొత్తది తీసుకుంటారు, అదే గట్టి. నేను ముడివెయ్యలేదు. ఎండిపోయిన ఆ బద్దనే నోట్లో పెట్టుకుని తడిపాను. పైకెళ్ళి చిల్లులోకి దూర్చి, దిగొచ్చి లాగి, పక్క చిల్లులోంచి పైకి పంపి, లేచెళ్ళి అందుకుని, మళ్ళీ దిగాను. మోకాళ్ళు కిర్రుమన్నాయి. బావమరిది వచ్చాడు, అనవలసింది అన్నాడు, వెళ్ళాడు. చిల్లు తరవాత చిల్లు, ఆవిడ పట్టుకున్న బద్ద పొట్టిదవుతూ వచ్చింది. వేలెడంత అయింది, గోరంత అయింది, ఇంక పట్టుకోవడానికి లేదు. అక్కడ ముడి వేశాను. ఆవిడ ముడులు పడుకున్న వైపుకే పడుకోబెట్టాను. లోపల ఎవరో లేచిన అలికిడి, డాక్టరొచ్చాట్ట, బయల్దేరమంటున్నారు. తొట్టిలోకి చెయ్యి పెట్టి కొత్త బద్ద తీశాను.